నీట్ పుస్తకాలు: సెట్టు కొనాలా, విడివిడిగా ఏరుకోవాలా?

2021లో మా మేనకోడలు బైపీసీలో చేరింది. వాళ్ళది పొదిలి. ఒంగోలులో మా ఇంట్లోనే ఉండి చదువుకుంటానంది. ఆ సంబరంలో నేను ఆటో మాట్లాడుకుని మరీ వెళ్ళి వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు పదకొండు భాగాల పుస్తకాల సెట్టు తెచ్చాను. అన్నిటికీ ఒకే రంగు అట్టలు, బల్ల మీద వరసగా పేరిస్తే చూడముచ్చటగా ఉండేవి. రెండేళ్ళలో ఆ పిల్ల జీవశాస్త్రం భాగాలు సగం చదివింది. కెమిస్ట్రీవి రెండు తిరగేసింది. ఫిజిక్స్ భాగాల ప్లాస్టిక్ కవరు విప్పనే లేదు. ఇరవై ఏళ్ళుగా జూనియర్ కళాశాలల్లో ఫిజిక్స్ చెబుతున్నవాడి ఇంట్లో జరిగిన సంగతి ఇది.

ఆ డబ్బు ఎందుకు దండగైందో తర్వాత నింపాదిగా ఆలోచిస్తే తెలిసింది. నీట్‌లో జీవశాస్త్రం ఒక రకం చదువు, ఫిజిక్స్ దానికి పూర్తిగా ఎదురు రకం. కెమిస్ట్రీలో సగం అటు, సగం ఇటు. ఈ మూడింటికీ ఒకే మూసలో పుస్తకాలు వేసి కట్టగట్టి అమ్మేది దుకాణం సౌకర్యం కోసమే. ఏటా జూన్‌లో కావలి నుంచీ కనిగిరి నుంచీ తల్లిదండ్రులు ఫోన్ చేసి "ఏ మెటీరియల్ కొనమంటారు సార్" అని అడుగుతారు. ఏ ఒక్క మెటీరియలూ కొనవద్దనే చెబుతాను. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో చోట ఏరుకోవాలి. ఎలా ఏరుకోవాలో చెప్పడానికే ఇదంతా.

ముందు పరీక్ష సంగతి

2025లో జరిగిన నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, జీవశాస్త్రం 90. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. అంతకుముందు నాలుగేళ్ళు, అంటే 2021 నుంచి 2024 వరకు, 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవారు. ఆ ఐచ్ఛికం 2025లో తీసేశారు. పాత మాక్ టెస్టుల కట్ట చవగ్గా దొరికిందని కొనేవాళ్ళు మొదట చూడాల్సింది ఇదే.

ప్రశ్నకు నిమిషం చొప్పున అని లెక్క వేసుకుంటే మోసపోతాం. జీవశాస్త్రం 90 ప్రశ్నలూ యాభై నిమిషాల్లో ముగిస్తేనే మిగతా 90కి 130 నిమిషాలు దొరుకుతాయి. క్యాలిక్యులేటర్ ఉండదు, లాగరిథం పట్టికలు ఉండవు. కాబట్టి జీవశాస్త్రం పుస్తకం చూడగానే జవాబు స్ఫురించేలా తయారుచేయాలి. ఫిజిక్స్ పుస్తకం కాగితం మీద చేయి ఆడేలా తయారుచేయాలి.

సిలబస్ మరొకటి. జాతీయ వైద్య కమిషన్ 2024 పరీక్ష నుంచి సిలబస్ మార్చింది. ఫిజిక్స్ 20 యూనిట్లు, కెమిస్ట్రీ 20, జీవశాస్త్రం 10. అంతకుముందే కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తన పుస్తకాల్లో కొన్ని అధ్యాయాలు ఎత్తేసింది. ఈ రెండింటి వల్ల పాత పుస్తకాల్లో అక్కరలేని పాఠాలు చాలా మిగిలిపోయాయి. కొత్త సిలబస్‌లో కొన్ని వింతలూ ఉన్నాయి. 'కీటకం' అని రాసి పక్కన ఉదాహరణగా కప్పను పెట్టారు. బొద్దింక పాఠం పోయి కప్ప పాఠం వచ్చిందన్నది అసలు సంగతి. మా స్టాఫ్ రూములో జువాలజీ మాస్టారు ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు నవ్వారు.

పుస్తకాన్ని దేంతో కొలవాలి

నా కొలతలు నాలుగు. ఇప్పటి సిలబస్‌తో సరిపోతోందా? పరీక్షలోపు మూడుసార్లు పూర్తిచేయగలిగే మందంలో ఉందా? లెక్కలకు జవాబు మాత్రమే ఇచ్చారా, దారి చూపించారా? చదివేవాళ్ళకు ఆ భాష నలుగుతుందా? ధర ఐదోది. దాన్ని మొదట పెట్టుకున్నవాళ్ళు చివరికి రెండుసార్లు కొంటారు.

వీటిలో రెండో కొలతను జనం పట్టించుకోరు. ఎనిమిది వందల పేజీల పుస్తకం ఒకసారి చదివిన పిల్లకంటే, రెండు వందల పేజీల పుస్తకం నాలుగుసార్లు చదివిన పిల్లకు జీవశాస్త్రంలో ఎక్కువ మార్కులు రావడం నేను ఏటా చూస్తున్నాను. ఫిజిక్స్‌లో మాత్రం ఈ మాట చెల్లదు. చదివిన పుస్తకమే నాలుగుసార్లు చదివితే లెక్కలు నోటికి వస్తాయి తప్ప చేతికి రావు.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు

పదకొండు, పన్నెండు తరగతులవి కలిపి మొత్తం పది: జీవశాస్త్రం రెండు, ఫిజిక్స్ నాలుగు, కెమిస్ట్రీ నాలుగు. సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగానూ దొరుకుతాయి. అయినా జీవశాస్త్రం రెండూ అచ్చు పుస్తకాలే కొనండి. పెన్సిల్‌తో గీతలు గీసుకోకుండా ఆ పుస్తకం చదివినట్టు కాదు.

ఎందుకో ఒక్క చోటు చూపిస్తాను. లింగ నిర్ధారణ పాఠంలో తేనెటీగల గురించి ఉంటుంది. ఆడ ఈగలో 32 క్రోమోజోములు, మగదానిలో 16. ఫలదీకరణ జరగని అండం నుంచి మగ ఈగ పుడుతుంది. అందుకే దానికి తండ్రి ఉండడు, కొడుకులూ ఉండరు. తాత మాత్రం ఉంటాడు, మనవళ్ళూ ఉండవచ్చు. పుస్తకంలో ఇదంతా కలిపి ఒక చిన్న పేరా. ఇందులోంచి ఎన్ని ప్రశ్నలు పుడతాయో లెక్కపెట్టండి: క్రోమోజోముల సంఖ్య, మగ ఈగలో శుక్రకణాలు ఏ విభజనతో ఏర్పడతాయన్నది (సమవిభజన), తాతా మనవల చిక్కు, జతపరచమనే ప్రశ్నలో ఒక వరుస. ఆ పేరానంతా గైడ్లు ఒక పట్టికలో ఇరికించి '32/16' అని వదిలేస్తాయి. ప్రశ్న రాసేవారు మూల వాక్యం నుంచి రాస్తారు, పట్టికలోంచి కాదు.

బొమ్మల కింద ఉండే చిన్న అక్షరాలు, పాఠం చివరి సారాంశం, పట్టికలు కూడా చదవాలి. ఇప్పటి ముద్రణలో జీవశాస్త్రం మొదటి పుస్తకంలో 19 అధ్యాయాలు, రెండోదానిలో 13 ఉంటాయి. లోపమూ ఒకటుంది. మొక్కల కుటుంబాల దగ్గర సిలబస్‌లో మాల్వేసీ, లెగ్యుమినోసీ వంటి పేర్లున్నాయి, కొత్త పుస్తకంలో మాత్రం సొలనేసీ ఒక్కటే మిగిలింది. ఆ నాలుగైదు పేజీలకు పాత బోటనీ పుస్తకమో లెక్చరర్ నోట్సో కావాలి.

కెమిస్ట్రీలో ఇనార్గానిక్ భాగానికి ఎన్‌సీఈఆర్‌టీని మించింది లేదు. ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలకు అది చాలదు. ఫిజిక్స్‌కు పాఠం వరకు చక్కగా ఉంటుంది, సాధన వరకు ఆకలి తీరదు. అదే సంస్థ వేసే ఎగ్జెంప్లార్ ప్రశ్నల పుస్తకాలు జీవశాస్త్రానికి, కెమిస్ట్రీకి పనికొస్తాయి. ఫిజిక్స్ ఎగ్జెంప్లార్‌లో ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నల భాగం ఒకటుంది. నీట్ తీరు అది కాదు కనుక వదిలేయవచ్చు.

నకిలీ ప్రతులతో జాగ్రత్త. అసలు పుస్తకం పేజీని వెలుతురుకు పట్టి చూస్తే కాగితంలోనే సంస్థ ముద్ర కనిపిస్తుంది. నకిలీలో బొమ్మలు అలుక్కుపోయి ఉంటాయి. బొమ్మ మీదే ప్రశ్న వచ్చే సబ్జెక్టులో అలాంటి పుస్తకం చేతికివ్వడం పిల్లకు అన్యాయం.

తెలుగు అకాడమీ పుస్తకాలు

మా తరం వీటితోనే ఎంసెట్ రాసింది. అందులో 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. 2017 నుంచి మన దగ్గర వైద్య విద్యకు నీటే దారి. అకాడమీ పాత బోటనీ, జువాలజీ పుస్తకాల్లో వివరం ఎక్కువ, కొన్ని పాఠాలు ఎన్‌సీఈఆర్‌టీ కంటే బాగా అర్థమవుతాయి కూడా. అయితే నీట్‌కు అక్కరలేని విషయమూ అంతే ఉంటుంది. 2025-26 నుంచి మన రాష్ట్రంలో ఇంటర్ మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, బోటనీ, జువాలజీ కలిసి జీవశాస్త్రం ఒకటే అయింది. అక్క పుస్తకాలు చెల్లెలికి పనికొస్తాయనుకునే ఇళ్ళలో ఈ సంగతి గుర్తుండాలి.

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళకు ఇవి ఇప్పటికీ అవసరమే. వాళ్ళ గురించి కింద విడిగా చెబుతాను.

కార్పొరేట్ కళాశాలల మెటీరియల్

కార్పొరేట్ చదువుకు నెల్లూరు పుట్టినిల్లు లాంటిది. అక్కడ ఏ వీధిలో అడిగినా ఒక అటక మీద ఈ పుస్తకాలుంటాయి. వీటి బలం ప్రశ్నల సంఖ్య. ప్రతి అధ్యాయానికీ స్థాయిల వారీగా వందల ప్రశ్నలు, వారాంతపు పరీక్షలకు సరిపడేలా ఉంటాయి. ఆ కళాశాలలోనే చదివే పిల్లకు ఇవి బాగా పనిచేస్తాయి, ఎందుకంటే అడిగితే చెప్పే లెక్చరర్ ఎదురుగా ఉంటాడు. బయట చదువుకునే పిల్ల చేతికి అదే పుస్తకం వస్తే చిక్కు. చాలా వాటిలో వెనక జవాబుల అక్షరాలే ఉంటాయి, దారి ఉండదు. 214వ ప్రశ్నకు 'సి' అని ఉంటే, మనకు 'బి' వచ్చినప్పుడు తప్పు మనదో అచ్చుదో తేల్చేదెవరు?

పాతవి కొనేటప్పుడు ముద్రణ సంవత్సరం అట్ట మీద నమ్మకండి, అట్ట మార్చడం తేలిక. విషయసూచిక తెరవండి. జీవశాస్త్రంలో 'మొక్కల్లో రవాణా', 'ఖనిజ పోషణ' పూర్తి అధ్యాయాలుగా ఉన్నా, కెమిస్ట్రీలో 'ఘనస్థితి', 'పాలిమర్లు' ఉన్నా, అది మార్పుకు ముందు పుస్తకం. అలాగని పారేయక్కరలేదు. ఫిజిక్స్ భాగం పాతదైనా నష్టం తక్కువ, న్యూటన్ నియమాలకు ముద్రణ సంవత్సరంతో పనిలేదు. పాత ఫిజిక్స్ కొనుక్కుని, కొత్త సిలబస్‌లో చేరిన ప్రయోగ నైపుణ్యాల యూనిట్‌కు, అంటే వెర్నియర్, స్క్రూగేజి వగైరాలకు, వేరే ఏర్పాటు చూసుకుంటే చాలు. జీవశాస్త్రం భాగం మాత్రం పాతది ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

బజారు పుస్తకాలు: ఫిజిక్స్‌ కోసమే ప్రత్యేకంగా

ఒంగోలులోనూ నెల్లూరులోనూ పుస్తకాలకు ట్రంకు రోడ్డు వైపే పోతాం. దుకాణంలో నిలబడి పది నిమిషాల్లో ఫిజిక్స్ పుస్తకాన్ని తూచే పద్ధతి ఒకటి చెబుతాను. భ్రమణ చలనం అధ్యాయం తీయండి. ఘనగోళం, వలయం ఒకే వాలుతలం మీద జారకుండా దొర్లితే ఏది ముందు కిందికి చేరుతుందన్న ప్రశ్న దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. దాని సాధన చదవండి. ఒక రకం పుస్తకం సూత్రం రాసి, అంకెలు ప్రతిక్షేపించి, గోళం త్వరణం g సైన్ θలో 5/7 వంతు, వలయానిది సగం, కాబట్టి గోళం అని ముగిస్తుంది. రెండో రకం ముందుగా ఒక మాట చెబుతుంది: ద్రవ్యరాశి, వ్యాసార్ధం ఎంతైనా పరవాలేదు, ద్రవ్యరాశి అక్షానికి ఎంత దగ్గరగా పరుచుకుందన్నదే లెక్క, వలయంలో అంతా అంచునే ఉంది కనుక అది బద్ధకంగా తిరుగుతుంది. ఆ తర్వాతే సూత్రం. రెండో రకం పుస్తకం చదివిన పిల్ల, గోళం బదులు బిళ్ళ వచ్చినా, వ్యాసార్ధాలు వేరువేరుగా ఇచ్చి తికమక పెట్టినా, పెన్ను కదపకుండా జవాబు గుర్తిస్తుంది. ఆ ఒక్క ప్రశ్నలో మిగిలిన నిమిషం ఇంకో లెక్కకు పనికొస్తుంది.

2025లో ఫిజిక్స్ పేపరు కఠినంగా వచ్చింది. ఆ ఏడాది జనరల్ అర్హత మార్కు అంతకుముందటి 162 నుంచి 144కు దిగింది. దాంతో ఐఐటీ స్థాయి పుస్తకాలు కొనే మోజు మొదలైంది. నా ఉద్దేశంలో అది తొందరపాటు. గణితం చదవని బైపీసీ పిల్లకు కలనగణితంతో నిండిన పుస్తకం ఇస్తే మొదటి నెలలోనే సబ్జెక్టు మీద భయం పట్టుకుంటుంది. అంతకంటే మధ్యస్థ స్థాయి పుస్తకం ఒకటి తీసుకుని, అందులో విడమరచిన లెక్కలన్నీ ఒక్కటీ వదలకుండా చేయించడం మేలు.

గత ప్రశ్నపత్రాల సంకలనం గురించి ఎక్కువ చెప్పక్కరలేదు, అది తప్పనిసరి. అధ్యాయాల వారీగా విడదీసినది మొదటి సంవత్సరానికి, ఏడాది పేపర్లుగా ఉన్నది చివరి మూడు నెలలకు.

వీడియోలు, యాప్‌లు

కేంద్ర విద్యాశాఖ, ఐఐటీ కాన్పూర్ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక సాథీ ఉచితం. యూట్యూబ్‌లో తెలుగు పాఠాలూ బోలెడు. అర్థంకాని అధ్యాయానికి వీడియో మంచి మందే, రోజూ తాగే నీళ్ళు మాత్రం కాదు. పరీక్ష ఓఎంఆర్ పత్రం మీద పెన్నుతో రాసినంత కాలం, మాక్ టెస్టులు కూడా కాగితం మీదే రాయించండి. ఫోన్‌లో వేలితో నొక్కడం, 180 గుండ్రాలు నల్ల పెన్నుతో నింపడం ఒకటి కావు.

ఒక్క చూపులో

| మెటీరియల్ | జీవశాస్త్రం | కెమిస్ట్రీ | ఫిజిక్స్ | ముఖ్యమైన లోటు |
|---|---|---|---|---|
| ఎన్‌సీఈఆర్‌టీ | ఇదే మూలం | ఇనార్గానిక్‌కు చాలు | పాఠానికి మాత్రమే | లెక్కల సాధన తక్కువ |
| తెలుగు అకాడమీ | అర్థం కోసం | అర్థం కోసం | అర్థం కోసం | నీట్‌కు అక్కరలేనిది ఎక్కువ |
| కార్పొరేట్ మెటీరియల్ | కొత్తదైతేనే | ఆర్గానిక్, ఫిజికల్ సాధనకు | పాతదైనా సరే | సాధన దారి ఉండదు |
| బజారు పుస్తకం | అక్కరలేదు | ఫిజికల్‌కు ఒకటి | తప్పక ఒకటి | మందం |
| గత పేపర్లు | తప్పనిసరి | తప్పనిసరి | తప్పనిసరి | 2021–24 పేపర్ల తీరు వేరు |

ఎవరికి ఏది

రెసిడెన్షియల్ కార్పొరేట్ కళాశాలలో ఉన్న పిల్లకు బయటి పుస్తకాలు దాదాపు అక్కరలేదు. ఫీజులో కలిపి వాళ్ళిచ్చేదే పూర్తికాదు. ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రం రెండూ హాస్టల్ పెట్టెలో పెట్టి పంపండి. వారాంతంలో చూడడానికి వెళ్ళినప్పుడు ఎన్ని పేజీల్లో పెన్సిల్ గీతలున్నాయో చూడండి. ర్యాంకులు అడగడం కంటే అది నమ్మకమైన లెక్క.

ఉదయగిరిలోనో కనిగిరిలోనో ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివే పిల్లకు నేను చెప్పే జాబితా చిన్నది: ఎన్‌సీఈఆర్‌టీ పది, విడమరచిన సాధనలున్న ఫిజిక్స్ పుస్తకం ఒకటి, ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలకు ఒకటి, గత పేపర్లు. పదిలో జీవశాస్త్రం కాక మిగిలిన ఎనిమిదీ కళాశాల గ్రంథాలయంలో ఉన్నాయేమో ముందు అడగండి. మిగిలిన డబ్బు కాగితం మీద రాసే టెస్టు సిరీస్‌కు పెట్టండి. పల్లెల్లోని పిల్లలకు కరువయ్యేది పుస్తకం కాదు, మూడు గంటలు కదలకుండా కూర్చుని రాసే అలవాటు.

తెలుగు మాధ్యమం పిల్లలకు నీట్ తెలుగులోనూ రాసే వీలుంది. తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రంలో తెలుగుతోపాటు ఇంగ్లీషూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది. కాబట్టి పాఠం అకాడమీ పుస్తకంలో అర్థం చేసుకుని, అదే పాఠం ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషులో రెండోసారి చదవాలి. నోట్‌బుక్‌లో ఒక పక్క 'క్షయకరణ విభజన', దాని ఎదురుగా 'మియోసిస్', ఒక పక్క 'ద్రవ్యవేగం', ఎదురుగా 'మొమెంటమ్' అని జంటలు రాసుకుంటూ పోవాలి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి అలా రెండు పుస్తకాలు నింపింది. పరీక్ష హాలులో తెలుగు వైపు తటపటాయించిన ప్రతిసారీ కన్ను ఇంగ్లీషు వైపు దానంతటదే వెళ్ళిందని చెప్పింది.

లాంగ్‌టర్మ్ వాళ్ళ, అంటే ఇంటర్ అయ్యాక మళ్ళీ నీట్‌కే చదివేవాళ్ళ సంగతి వేరు. కొత్త పుస్తకం కొంటే కొత్త ఏడాది మొదలైనట్టు ఉంటుంది, అదే వాళ్ళకున్న ప్రమాదం. నిరుటి ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని పోయిన మార్కులు సబ్జెక్టుల వారీగా రాయండి. జీవశాస్త్రంలో 300 దాటి ఫిజిక్స్‌లో 60 దగ్గర ఆగిన పిల్లకు జీవశాస్త్రం పుస్తకం ఒక్కటి కూడా కొనకూడదు. ఫిజిక్స్‌లోనూ పాత పుస్తకంలో వదిలేసిన లెక్కలున్నంత వరకు కొత్తది వద్దు. ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఫొటో తీసుకుని వాట్సాప్ డీపీగా పెట్టుకునే లాంగ్‌టర్మ్ కుర్రాడు ఒకడు మా వీధిలో ఉన్నాడు. గత పేపర్లు ఒక్కటి కూడా పూర్తిగా రాయలేదు, సెట్లు మాత్రం మూడున్నాయి.

ఏ రకం వాళ్ళయినా సంక్రాంతి దాటాక కొత్త మెటీరియల్ కొనడం ఆపేయండి. అప్పటికి చేతిలో ఉన్నదే మళ్ళీ మళ్ళీ తిరగేయాలి.

మా మేనకోడలి సెట్టు సంగతి చెప్పి ముగిస్తాను. తను చివరకు బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది, సంతోషంగానే ఉంది. వెళ్ళేటప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రం రెండూ వెంట తీసుకుపోయింది, ఎవరికీ ఇవ్వనంది. సెట్టులో జీవశాస్త్రం, కెమిస్ట్రీ భాగాలు పాత కాగితాలవాడికి వెళ్ళాయి. ఫిజిక్స్ నాలుగు భాగాలూ ఇంకా అటక మీదే ఉన్నాయి. పాతవైనా పరవాలేదని పైన చెప్పాను కదా, కవరు కూడా విప్పలేదు. కావలసినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళవచ్చు. విషయసూచిక మాత్రం ఒకసారి చూసుకోండి.